ఈ దెయ్యాన్ని ఇంకెక్కడ చూశావ్?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అక్క, బావ, వాళ్ల పాప గిద్దలూరు నుంచి మా ఊరొచ్చారు. మాది అర్ధవీడు మండలం. నల్లమల అంచున ఉంటాయి మా ఊర్లు. రాత్రి తొమ్మిది దాటితే వీధిలో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. కరెంటు పోయిందంటే కొండేదో, ఆకాశమేదో తెలియదు. అంతా ఒకటే నలుపు.

పాపని ఇంట్లో బుజ్జి అంటాం. తొమ్మిదేళ్లు. మా అందరికంటే దానికే ధైర్యం ఎక్కువ. తేలు కనబడితే చెప్పు పట్టుకుని ముందు వెళ్లేది అదే. అలాంటిది ఒక రాత్రి నా మంచం దగ్గరికొచ్చి, "మామా, బాత్రూమ్‌కి తోడు రావా" అని మెల్లగా అడిగింది. మా బాత్రూమ్ దొడ్లో, వేపచెట్టు పక్కన. ఇరవై అడుగులు కూడా ఉండదు. వెళ్లాను. తలుపు వేసుకోలేదు. లోపల్నుంచి "మామా ఉన్నావా... మామా ఉన్నావా" అంటూనే ఉంది.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి జ్వరం. నిద్రలో ఒకటే మాట: "ఆమె వస్తోంది."

"ఎవరమ్మా?"

"బురఖా ఆమె."

నాకప్పుడు వెలిగింది. నా ఫోన్ తీసి చూస్తే, మధ్యాహ్నం అందరూ నిద్రపోయినప్పుడు 'మసూద' చివరిదాకా ఆడినట్టు కనిపించింది. తప్పు పూర్తిగా నాదే. ఫోన్ నాది, సబ్‌స్క్రిప్షన్ నాది, లాక్ పెట్టని బద్ధకం కూడా నాదే.

తాయెత్తా, టాబ్లెట్టా?

పక్కింటి పెద్దమ్మ చూసిన వెంటనే తేల్చేసింది. "పిల్లకి గాలి సోకింది. అమావాస్య లోపల తాయెత్తు కట్టించండి." మా అక్క డిగ్రీ చదివింది. మామూలుగా అయితే ఇలాంటివి నమ్మదు. కానీ బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఎంత చదువుకున్నోళ్లకైనా మనసు అటే లాగుతుంది. మా జేజి మాత్రం, "ముందు డాక్టర్ దగ్గరికి తీసకపోండ్రా. గాలి యాడికీ పోదులే, తర్వాత చూద్దాం" అంది. బావ బండి తీశాడు. కంభంలో డాక్టర్ చూసి, వైరల్ ఫీవర్ అని టాబ్లెట్లు రాసిచ్చాడు. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది.

భయం మాత్రం తగ్గలేదు. దానికి టాబ్లెట్ లేదు కదా.

"అదంతా యాక్టింగే బుజ్జీ, నిజం కాదు" అని ఒక ఇరవైసార్లు చెప్పుంటాను. పిల్లలకి ఆ మాట పనిచేయదండీ. మనకి మాత్రం పనిచేస్తుందా? దెయ్యం సినిమా చూసొచ్చిన రాత్రి దుప్పటి బయట కాలు పెట్టి పడుకునే మొనగాడు ఎవరైనా ఉంటే చెప్పండి.

మందు అనుకోకుండా టీవీలో దొరికింది. ఆ ఆదివారం మధ్యాహ్నం 'సరిలేరు నీకెవ్వరు' వస్తోంది. రైలు సీన్. బుజ్జి అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపేసింది.

"మామా, ఈమె నీలం మేడం కదా?"

అవును, సంగీతే. 'మసూద'లో కూతుర్ని కాపాడుకోవడానికి అల్లాడిపోయిన ఆ టీచరమ్మే, ఇక్కడ రష్మిక తల్లిగా రైలంతా గోల గోల చేస్తోంది. బుజ్జి ఒక నిమిషం కన్నార్పకుండా చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. వారం రోజుల్లో అది నవ్వడం అదే మొదటిసారి.

"అయితే ఆమె బాగానే ఉందా?" అని అడిగింది.

ఆ ప్రశ్న విన్నాక నాకు అర్థమైంది. 'అది నిజం కాదు' అన్న మాట దానికి అక్కర్లేదు. తెర మీద అంత నరకం పడినవాళ్లు ఇప్పుడు క్షేమంగా ఉన్నారో లేదో దానికి తెలియాలి. అంతే.

పలక మీద స్కోరు

అలా మొదలైంది మా ఇంట్లో ఆట. పేరు: 'ఈ దెయ్యాన్ని ఇంకెక్కడ చూశావ్?' రూల్ ఒక్కటే. దెయ్యం సినిమాలో కనిపించిన మనిషిని ఇంకో సినిమాలో గుర్తుపట్టాలి. సినిమా పేరు చెబితే ఒక మార్కు, పాత్ర కూడా చెబితే రెండు. స్కోరు రాయడానికి అటక మీద నుంచి పాత పలక దించాం. పలకల ఊరు మార్కాపురం పక్కనే ఉండి స్కోరు ఫోన్‌లో రాసుకుంటే బాగోదు కదా!

మొదటి రౌండ్ 'మసూద'తోనే. 2022 నవంబర్‌లో వచ్చిన ఈ సినిమా ఈ ఆటకి బంగారు గని అని అప్పుడే తెలిసింది.

సంగీత: 'ఖడ్గం' (2002)లో సినిమా హీరోయిన్ కావాలని పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మాయి. 'పెళ్ళాం ఊరెళితే' కూడా ఈమెదే.

తిరువీర్: 'మసూద'లో తన నీడకి తానే జడిసే గోపి. అదే మనిషి 'జార్జ్ రెడ్డి' (2019)లో లలన్ సింగ్. అక్కడ భయపెట్టేది ఇతనే. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బుజ్జి, "ఇద్దరూ ఒకరేనా? ఒట్టు?" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టించింది.

కావ్య కళ్యాణ్‌రామ్: 'బలగం' (2023) హీరోయిన్. ఇంకా వెనక్కి వెళ్తే అల్లు అర్జున్ హీరోగా చేసిన మొదటి సినిమా 'గంగోత్రి' (2003)లో చిన్నప్పటి హీరోయిన్. అంటే చిన్నప్పుడే కెమెరా ముందుకొచ్చిన పిల్ల. ఇది విన్నాక బుజ్జి అద్దం ముందు కాసేపు నిలబడింది, ఎందుకో మరి.

ఇక్కడ ఒక బోనస్ ప్రశ్న. 'మసూద'లో ఇద్దరు నటుల ఇంటిపేర్లు సినిమాల నుంచి వచ్చినవే. ఎవరు? ఒకరు శుభలేఖ సుధాకర్. కె. విశ్వనాథ్ గారి 'శుభలేఖ' (1982) నుంచి ఆ పేరు ఆయనకి అంటుకుపోయింది. ఇంకొకరు సత్యం రాజేష్. 'సత్యం' (2003) నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి కామెడీ చేసిన రాజేష్ 'మా ఊరి పొలిమేర'లో కొమురయ్యగా మారి జనం వెన్నులో చలి పుట్టించాడు. అంటే ఈ ఆట రెండు వైపులా ఆడొచ్చు. దెయ్యం నుంచి నవ్వుకి వెళ్లొచ్చు, నవ్వు నుంచి దెయ్యానికీ రావొచ్చు.

'పొలిమేర'లోనే ఇంకో ఇద్దరు. గెటప్ శ్రీనుని 'జబర్దస్త్'లో చూడని ఇల్లు ఉండదు. బాలాదిత్య అయితే పసివాడిగా తెర మీదకొచ్చి, 'చంటిగాడు' (2003)తో హీరో అయినవాడు.

చివరికి అసలు మనిషి దగ్గరికొచ్చాం. దెయ్యం పట్టిన నాజియాగా చేసిన బాంధవి శ్రీధర్. ఫోన్‌లో ఆమె మామూలు ఫోటోలు తీసి చూపించాను. చక్కగా తల దువ్వుకుని, నవ్వుతూ ఉంది. బుజ్జి ఫోటో జూమ్ చేసి, కళ్లు చూసింది. గోళ్లు చూసింది. "బాగుంది అక్క" అని ఫోన్ తిరిగిచ్చేసింది. ఆ రాత్రి బాత్రూమ్ తలుపు సగం మూసుకుంది. దాన్ని పలక మీద పది మార్కులుగా రాశాను.

మా జేజి, ఆ జేజమ్మ

ఇంత చెప్పి నా సంగతి దాస్తే బాగోదు. 2009 సంక్రాంతికి 'అరుంధతి' వచ్చినప్పుడు నాకూ తొమ్మిదేళ్లే. మా వైపు నాయనమ్మని 'జేజి' అంటాం. సినిమాలో జేజమ్మ అని పిలిచిన ప్రతిసారీ నేను పక్కసీట్లో ఉన్న మా జేజి కొంగు పట్టుకునేవాణ్ణి. తర్వాత చాలా నెలలు నాకు పశుపతి కల్లోకొచ్చాడు. సమాధి లోంచి వచ్చే ఆ గొంతు! పైకప్పు ఫ్యాన్ తిరుగుతుంటే 'బొమ్మాళీ' అన్నట్టే వినిపించేది.

ఇప్పుడు బుజ్జికి ఆట నేర్పుతూ నేనూ లెక్కలు సరిచూసుకున్నాను. సోనూ సూద్ అంతకు నాలుగేళ్ల ముందే 'అతడు' (2005)లో మహేష్ బాబు పక్కన మల్లిగా ఉన్నాడు. అదే సినిమాలో రాజకీయ నాయకుడు శివారెడ్డిగా చేసింది షాయాజీ షిండే. అంటే 'అరుంధతి'లో పశుపతిని ఎదిరించడానికి సాయపడిన అన్వర్! ఇద్దరూ అప్పటికే ఒక సినిమాలో ఉన్నారన్నమాట. అనుష్క మొదటి సినిమా 'సూపర్' కూడా 2005దే. అందులోనూ సోనూ సూద్ ఉన్నాడు. అరుంధతి, పశుపతి ఒకే సినిమాలో, ఒకే ఎండలో, మామూలు బట్టల్లో! ఈ సంగతి తొమ్మిదేళ్లప్పుడు నాకు ఎవరైనా చెప్పుంటే ఎన్ని రాత్రులు హాయిగా పడుకునేవాణ్ణో.

ఇంకో సంగతి. మనల్ని అంత భయపెట్టిన ఆ గొంతు సోనూ సూద్‌ది కాదు. పి. రవిశంకర్‌ది. సాయికుమార్ తమ్ముడు. ఆ గొంతుతో తెలుగులో ఎందరో విలన్లు మాట్లాడారు. తర్వాత కన్నడలో 'కెంపేగౌడ' (2011)లో తానే తెర మీదకొచ్చి విలన్‌గా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అంటే పశుపతి ఒక మనిషి కాదు. ఒకరి ఒళ్లు, ఇంకొకరి గొంతు, మేకప్ వాళ్ల చేతులు, గ్రాఫిక్స్ వాళ్ల కంప్యూటర్లు. ఇలా ముక్కలుగా విడదీసి చూస్తే దెయ్యం ఎక్కడుంటుంది? ఒక్కో ముక్కా ఎవరో ఒకరి ఉద్యోగం.

చెవితో ఆడే రౌండ్ కూడా పెట్టాం. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992)కి వెన్నులో వణుకు పుట్టించే నేపథ్య సంగీతం ఇచ్చింది మణిశర్మ. తర్వాత 'చూడాలని వుంది', 'మురారి' పాటలిచ్చిన మణిశర్మే. మా బావకి ఇది తెలియదు. రెండు మార్కులు పోయాయి.

పశుపతి బస్సులు

మా జేజి ఈ ఆటలో ఎప్పుడు చేరిందో చెప్పాలంటే 2020కి వెళ్లాలి. మా వైపు వానలు సరిగా పడకపోతే జనం పనుల కోసం ఊర్లు దాటిపోతారు. గుంటూరు మిరపకోతలకి కొందరు, హైదరాబాద్, బెంగళూరు బిల్డింగ్ పనులకి ఇంకొందరు. మా బాబాయి బెంగళూరులో సెంట్రింగ్ పని చేసేవాడు. లాక్‌డౌన్‌లో అక్కడే ఇరుక్కుపోయాడు. పని లేదు, బస్సు లేదు. జేజి రోజంతా టీవీ ముందే కూర్చునేది, కొడుకు మొహం ఎక్కడైనా కనిపిస్తుందేమో అన్నట్టు.

ఒకరోజు వార్తల్లో బొంబాయి నుంచి కూలీల్ని సొంతూళ్లకి పంపుతున్న బస్సులు చూపించారు. బస్సు పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్న మనిషిని చూసి జేజి ఉలిక్కిపడింది.

"వీడు ఆ పశుపతిగాడు కదరా?"

"అవును జేజీ."

"వీడు బస్సులు పెట్టడమేందిరా? ఆ బస్సు ఎక్కొద్దని చెప్పు వాళ్లకి!"

ఇంట్లో నవ్వులే నవ్వులు. కానీ జులై వచ్చేసరికి చిత్తూరు జిల్లాలో ఒక రైతు, కాడెద్దులు లేక కూతుళ్లతో మడక లాగిస్తున్న వీడియో వచ్చింది. ఆ ఇంటికి సోనూ సూద్ ట్రాక్టర్ పంపించాడు. ఆ వార్త చూసి జేజి చాలాసేపు మాట్లాడలేదు. మడక అంటే ఏమిటో, అది ఆడపిల్లలు లాగడమంటే ఏమిటో ఆమెకి మా అందరికంటే బాగా తెలుసు.

"మంచోడేరా. మరి ఆ సినిమాలో ఎందుకు అట్టా చేశాడు?"

"అది పని జేజీ. బాబాయికి సెంట్రింగ్ ఎట్టనో, ఆయనకి అదట్ట."

బాబాయి ఆ తర్వాత వేరే దారిలో, ఎవరి బస్సూ కాకుండా, తిప్పలు పడి ఇల్లు చేరాడు. అయినా ఇప్పటికీ టీవీలో సోనూ సూద్ విలన్‌గా తన్నులు తింటుంటే జేజికి నచ్చదు. "వాణ్ణి కొట్టబాకండ్రా" అంటుంది. ఆ మాట అనేది ఒక్క మా జేజే కాదు. ఆ రోజుల తర్వాత తన దగ్గరికి హీరో పాత్రలు కూడా వస్తున్నాయని సోనూ సూదే చెప్పాడు. ఒక మొహం మీద మనకున్న అభిప్రాయం మారితే, ఆ మొహానికొచ్చే పని కూడా మారుతుంది.

దెయ్యం లేని భయం

ఆటలో అన్నిటికంటే కష్టమైన రౌండ్ జేజే వేసింది. "రాత్రి సినిమాలో దెయ్యం పట్టిన పిల్ల, ఆ మంత్రగాడు, ఇద్దరూ ఇంకో సినిమాలో ఉండారు. అదేదో చెప్పండి చూద్దాం."

ఎవరికీ తెలియలేదు. 'రాత్రి'లో దెయ్యం పట్టిన అమ్మాయి రేవతి, మాంత్రికుడు ఓం పురి. ఆ వెంటనే వచ్చిన 'అంకురం'లోనూ వాళ్లిద్దరూ ఉన్నారు. సి. ఉమామహేశ్వరరావు దర్శకత్వం. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. రైల్లో తన చేతికొచ్చిన ఒక పసిబిడ్డ తండ్రి కోసం రేవతి వెతుకుతుంది. ఆ తండ్రి ఓం పురి. పోలీసులు తీసుకెళ్లిన మనిషి. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పరు.

అక్కా నేనూ ఆ రాత్రి ఆ సినిమా చూశాం. అందులో దెయ్యం లేదు, చీకట్లో అడుగుల చప్పుడు లేదు. అయినా నాకు 'రాత్రి' కంటే అదే ఎక్కువ భయమేసింది. ఇంటి నుంచి ఒక మనిషిని తీసుకెళ్లడం, తర్వాత 'మాకు తెలియదు' అనడం. ఇది మంత్రగాడు విప్పగలిగే ముడి కాదు. 'రాత్రి'లో దెయ్యాన్ని వెళ్లగొట్టిన మనిషే ఇక్కడ దిక్కులేనివాడు. అక్కడ ఒళ్లు తెలియకుండా ఊగిపోయిన పిల్లే ఇక్కడ అందరికంటే గట్టిగా నిలబడింది.

రేవతి సంగతి అక్కడితో అయిపోలేదు. 'రాత్రి' వచ్చిన ముప్పై ఏళ్లకి, 2022లో, మలయాళంలో 'భూతకాలం' చేసింది. ఈసారి కూతురు కాదు, తల్లి. దిగులుతో కుంగిపోతున్న తల్లి, నిద్ర పట్టని కొడుకు, ఒక ఇల్లు. అది నిజంగా దెయ్యమా, మనసుకొచ్చిన జబ్బా అని చివరిదాకా మనల్ని ఊగిసలాడిస్తుంది. ఆ పాత్రకి కేరళ రాష్ట్ర ప్రభుత్వ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

అది తెలిశాక అక్క చాలాసేపు మౌనంగా ఉంది. తర్వాత మెల్లగా, "ఆ రోజు డాక్టర్ దగ్గరికి కాకుండా తాయెత్తు దగ్గరికి పోయుంటే ఏమయ్యేదిరా" అంది. మా చుట్టుపక్కల ఊర్లలో 'గాలి' అని పేరుపెట్టి ఊరుకున్న జ్వరాలు, 'పట్టింది' అని పేరుపెట్టి కట్టేసిన బాధలు ఎన్నో మేం విన్నవాళ్లమే. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

ఒకే వంటింట్లో ఇద్దరు

తర్వాత సరదా రౌండ్లు. మీరూ ఆడండి.

'గులాబి' (1995)లో ముద్దుగా ప్రేమించుకున్న జంటే మరుసటేడు వర్మ 'దెయ్యం'లో అరిచి చచ్చింది. జేడీ చక్రవర్తి, మహేశ్వరి.

ఆ 'దెయ్యం'లోనే మహేశ్వరి అక్కగా జయసుధ ఉంది. 'గీతాంజలి' (2014)లో ఆత్మగా వచ్చింది అంజలి. వీళ్లిద్దరూ కలిసి ఒకే వంటింట్లో ఉన్న సినిమా? 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013). ఇద్దరు హారర్ మనుషులు కలిసి వెంకటేష్‌కి, మహేష్‌కి అన్నం వడ్డించారన్నమాట.

'అవును' (2012)లో కనిపించని దెయ్యంతో వణికిపోయిన పూర్ణ, 'రాజుగారి గది' (2015)లో తానే దెయ్యం. 'ఢీ'లో జడ్జి. 'గుంటూరు కారం' (2024)లో మహేష్ బాబు పక్కన స్టెప్పులు.

'విరూపాక్ష' (2023)లో అఘోరా ఎవరు? 'విక్రమార్కుడు' (2006)లో టిట్లా. అజయ్. ఇది బావ చెప్పాడు. పోయిన మార్కులు వెనక్కొచ్చాయి.

'చంద్రముఖి' (2005)లో కళ్లతోనే చంపేసిన జ్యోతిక, 'ఠాగూర్', 'మాస్' హీరోయిన్. ఆమె నాట్యానికి తోడున్న వినీత్, మన 'ప్రేమదేశం' కుర్రాడు. 2024లో హిందీ 'షైతాన్'లో జ్యోతిక కూతుర్ని వశీకరణం నుంచి కాపాడుకునే తల్లి. ఆ వశీకరణం చేసేది ఎవరో తెలుసా? 'సఖి' మాధవన్!

ఇంగ్లీష్ సినిమాల్లోనూ ఇంతే. 1958లో డ్రాక్యులాగా లోకాన్ని వణికించిన క్రిస్టఫర్ లీ, 2001లో 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో తెల్లగడ్డం మాంత్రికుడు సారుమాన్.

గమనించారా? రేవతి, జ్యోతిక ఇద్దరూ మొదట ఆవహించబడ్డ అమ్మాయిలు. ఏళ్లు గడిచాక ఇద్దరూ పిల్లల కోసం కొట్లాడే తల్లులు. వయసు పెరిగితే హీరోయిన్‌కి పాత్రలు తగ్గుతాయంటారు. హారర్ మాత్రం వీళ్లని వెనక్కి పిలిచి తలుపు ఇవతల నిలబెట్టింది.

లైటు

సెలవులు అయిపోయాయి. వెళ్లే ముందు రాత్రి మళ్లీ కరెంటు పోయింది. బుజ్జి నన్ను లేపలేదు. నాకే మెలకువొచ్చి చూస్తే దొడ్లో ఫోన్ టార్చ్ కదులుతోంది. బాత్రూమ్ తలుపు పూర్తిగా మూసుంది. లోపల్నుంచి హాజరు పిలిచినట్టు గొంతు వినిపిస్తోంది: "సంగీత... తిరువీర్... కావ్య అక్క... సత్యం రాజేష్... బాంధవి అక్క..."

నేను వేపచెట్టు కింద నిలబడ్డాను, అది చూడకుండా. బయటికొచ్చి నన్ను చూసి మాత్రం కెవ్వుమంది. ఇంటిల్లిపాదీ లేచారు. జేజి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పడుకున్నాక చీకట్లో అడిగింది: "మామా, దెయ్యం వేషం వేసినక్కకి రాత్రిళ్లు భయమేయదా?"

"ఏస్తుందేమో. అందరికీ ఏస్తుంది కదా."

కాసేపు ఆలోచించింది. "అయితే ఆ అక్క కూడా లైటేసుకునే పడుకుంటది పాపం" అని, చేతిలో ఉన్న టార్చ్ ఆపేసి, అటు తిరిగి నిద్రపోయింది.

పలక ఇంకా మా ఇంట్లోనే ఉంది. స్కోరు చెరపొద్దని ఆర్డరు. దసరా సెలవులకి వస్తుందట. నా ఫోన్‌కి మాత్రం ఇప్పుడు లాక్ ఉంది.